చేపల గదికి బెత్తెడు గాలి

మా ఇంట్లో ఒక సముద్రం ఉంది. పొడవు రెండడుగులు, వెడల్పు ఒకటి. చిత్తూరులో ఉంటూ ఉప్పునీళ్ళ చేపలు పెంచాలని ఏ బుద్ధిమంతుడికీ పుట్టని ఆలోచన ఆరేళ్ళ కిందట మా ఆయనకు పుట్టింది. ప్యాకెట్లలో వచ్చే సముద్రపు ఉప్పు, ఫిల్టరు నీళ్ళు, అడుగున తెల్ల ఇసుక, రెండు పెద్ద రాళ్ళు. వాటి మధ్య వేలెడు పొడవున్న రెండు చేపలు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలతో. చెన్నై నుంచి బస్సులో ఆ పాలిథిన్ సంచిని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి తెచ్చాడు. పెళ్ళయిన కొత్తలో అదే దారిలో నన్ను తెచ్చినప్పుడు కిటికీ పక్క సీటు కూడా ఇవ్వలేదని ఆ రోజే అన్నాను. ఆరేళ్ళుగా అంటూనే ఉన్నాను.

మొన్న జూన్‌లో ఆ చేపలు మొదటిసారి గుడ్లు పెట్టాయి.

పెద్ద రాయి పక్కన, గసగసాలు అంటించినట్టు, నారింజ రంగులో చిన్న పట్టీ. మా ఆయన నన్ను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాడు. ఆడచేప పెద్దది. అది తన పని అయిపోయినట్టు తొట్టెంతా తిరుగుతోంది. చిన్నదైన మగచేప మాత్రం రాయి దగ్గరే నిలబడి పక్క రెక్కలతో గుడ్ల మీదికి నీళ్ళు విసురుతోంది. ఆగడం లేదు.

"గుడ్డుకు గూడా ఊపిరి కావల్ల. గాలి కలిసిన నీళ్ళు దాని మీద ఆడతానే ఉండల్ల. వాడు విసిరేది ఆపితే అన్నీ సచ్చిపోతాయి" అన్నాడు మా ఆయన.

"కరెంటు పోతే విసనకర్ర ఎక్కడుందో తెలీని మగోళ్ళకు దీన్ని చూపించల్ల" అన్నాను నేను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆరేళ్ళ ఎదురుచూపు మరి.

వారం పది రోజుల్లో గుడ్లలోంచి పిల్లలు వస్తాయి. ఆ వారమంతా ఆయన ఇంట్లో ఉండే వీలు లేదు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం ఆయనది. జూన్, జూలై నెలల్లో హైవే మీద కాయల ట్రాక్టర్లు ఫర్లాంగుల కొద్దీ వరసలో నిలబడే రోజులు. సీజన్లో ఫ్యాక్టరీలోనే పడక, ఆదివారం పొద్దున ఇంటికి రావడం, సాయంత్రం పోవడం. ఆ ఆదివారం బయల్దేరుతూ నాకు పాఠం మొదలుపెట్టాడు.

"పైన నీళ్ళు కదల్తా ఉండల్ల. ప్రాణవాయువు పైనించే దిగేది. మేత జాస్తి ఎయ్యొద్దు, మిగిలింది కుళ్ళితే ఆ గాలంతా అదే తినేస్తాది. నీళ్ళు ఏడెక్కితే బుల్లి ఫ్యాను పెట్టు. ఏడి నీళ్ళల్లో గాలి నిలబడదు, ఉప్పునీళ్ళల్లో అయితే ఇంకా తక్కువ. కిటికీ బెత్తెడు తెరిచే ఉంచు."

"ఇరవై ఏండ్లుగా ఇంటర్ పిల్లోళ్ళకు వృక్షశాస్త్రం చెప్తావుండా. ఊపిరి గురించి నాకు చెప్తావుండారా మీరు?"

"సరే లెక్చరరమ్మా. వచ్చే ఆదివారానికి అవి బతికుంటే సాలు. కిటికీ మాత్రం ముయ్యొద్దు."

మర్నాడు సోమవారం. సాయంత్రం టెంపోలో పన్నెండు పెట్టెల బేనీషా మామిడికాయలు దిగాయి.

ఇది నా నోటి పుణ్యం. కాలేజీ స్టాఫ్ రూములో ఎవరో బజారు మామిడిపండు కోసి పెడితే, ముక్క నోట్లో పెట్టుకోకుండానే, కార్బైడు పెట్టి మాగేసిన పండు తినేవాళ్ళ బుద్ధి గురించి ఉపన్యాసం ఇచ్చాను. చదువుకున్నవాళ్ళు కూడా ఇలా తింటే ఇక చదువెందుకన్నాను. తెలుగు మేడమ్ విని, విని, "అయితే మీరే మాగేసి ఇవ్వండి మేడమ్, అందరం మీ దగ్గరే తీసుకుంటాం" అంది. మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. మా అత్త పుట్టింటివాళ్ళ తోటలోంచి కాయలు తెప్పించాను.

మాగేయడానికి చీకటిగా, గాలి ఆడకుండా ఉండే గది కావాలి. మా ఇంట్లో అలాంటిది స్టోరు రూము ఒక్కటే. చేపల తొట్టె ఉన్నదీ అందులోనే, ఎండ తగలదని మా ఆయన అక్కడే పెట్టుకున్నాడు. తొట్టెకు మూడువైపులా పెట్టెలు పేర్చి, కాయల మధ్య వరిగడ్డి పరిచి, పైన గోనెపట్టాలు కప్పి, కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టాను.

మా అత్తకు ఎనభై దగ్గర పడ్డాయి. మామిడి తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"కిటికీ ఎందుకే మూస్తావుండావు? రవ్వంత గాలి ఆడల్ల."

"గాలి ఆడితే కాయ మాగదత్తా. ఎచ్చగా ఉండల్ల. ఉడతలు గూడా దూరతాయి."

"ఉడత ఎంత తింటాదిలే. నీ మాదిరి పన్నెండు పెట్టెలు అడగదు."

"మీ కాలంలో గుడిసెల్లో మాగేసినారు. ఇది మిద్దె. లెక్క వేరే" అన్నాను. ఏ లెక్కో నాకూ తెలీదు. మాట పైన మాట పడాలి, అంతే.

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. చేపలెట్లా ఉన్నాయి, మగది విసురుతోందా, నీళ్ళు కదుల్తున్నాయా అని అన్నీ అడిగి, చివర్లో "కిటికీ తెరిచే ఉండాదా?" అన్నాడు.

"ఉండాది" అన్నాను.

ఎందుకన్నానో తర్వాత రాస్తాను. అప్పుడు మాత్రం ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత నున్నగా జారిందంటే, ఫోన్ పెట్టేసి పోపు వేసుకున్నాను.

మంగళవారం ఏమీ తేడా తెలీలేదు. బుధవారం పొద్దున లైటు వేసి అక్కడే నిలబడిపోయాను. పెద్ద చేప నీటి పైపొరకు ఆనుకుని, ఫిల్టరు నీళ్ళు పడే చోట నోరు పైకెత్తి నిలబడి ఉంది. మొప్పలు కమ్మరి కొలిమి తిత్తిలా కొట్టుకుంటున్నాయి. చిన్నది మాత్రం రాయి వదల్లేదు. అదీ అంతే ఆయాసపడుతోంది, అయినా విసురుతోంది. పైకొచ్చి ఒక్క గుటక గాలి మింగిపోవచ్చు కదా అనిపించింది. పోలేదు.

కాలేజీలో రోజంతా మనసు మనసులో లేదు. సాయంత్రం చెప్పులతోనే గదిలోకి పరిగెత్తితే, రెండూ మామూలుగా తిరుగుతున్నాయి.

"ఏమత్తా, మేత ఏమైనా జాస్తి ఏసినావా?" అన్నాను.

"నేనెందుకు ఏస్తానే? మద్యాన్నం తలుపు తీసి పెట్టి కాయలు తిరగేసుకుంటా కూసున్నా. నీ చేపల దిక్కు గూడా సూళ్ళేదు."

సమాధానం ఆ ఒక్క మాటలోనే ఉంది. వినిపించుకునే చెవులు ఉండాలి కదా. నేను అప్పటికే నా సిద్ధాంతం తయారుచేసుకున్నాను. పొద్దున ఆయాసం, సాయంత్రానికి కుదుట పడటం. అంటే రాత్రిపూట ఏదో ఆక్సిజన్ తినేస్తోంది. తొట్టె అద్దాలకు పట్టిన పచ్చని నాచు! వెలుగున్నప్పుడు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడితే తనే పీల్చుకుంటుంది. మొక్కలు కూడా ఊపిరి పీలుస్తాయని నాకు కాక ఎవరికి తెలుసు? పాత ఏటీఎం కార్డుతో అద్దాలన్నీ గీకి నాచు తీసేశాను. నా వీపు వెనక పన్నెండు పెట్టెలు గడ్డి కప్పుకుని పడి ఉన్నాయి. వాటి వైపు తిరిగి చూడలేదు.

గురువారం పొద్దున మళ్ళీ అదే. ఈసారి ఆడచేప కిందికి దిగడమే లేదు. కాలేజీకి పోతూ దారిలో రంగుచేపల అంగడి దగ్గర ఆగాను.

"ఏమప్పా, చేపలు పైకొచ్చి నోరు తెరస్తావుండాయి. ఏం జెయ్యల్ల?"

"ఆక్సిజన్ తక్కువైంటాది మేడమ్. ఎయిర్ పంపు పెట్టండి, బుడగలొస్తాయి."

"ఉప్పునీళ్ళ చేపలు మావి."

"ఉప్పయినా సప్పయినా గాలి గాలే కదా మేడమ్."

అది నిజమే. నిజానికి ఆ వారంలో నేను విన్న మొదటి నిజం అదే, గాలి గాలే. పంపు కొనుక్కొచ్చి, సన్నగొట్టం చివర బుడగల రాయి తగిలించి తొట్టెలో దించాను. బుడగలు బుసబుసమని లేచాయి. పంపు గరగరమని చప్పుడు చేస్తోందని, దాన్ని తీసుకెళ్ళి మామిడి పెట్టెలో గడ్డి మధ్యన, మెత్తగా, గూట్లో గుడ్డు పెట్టినట్టు పెట్టాను. ఎంత చక్కగా చప్పుడు ఆగిందో అని సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

శుక్రవారం పొద్దునకు ఇంకా అధ్వాన్నం. మగచేప విసరడం మధ్యమధ్య ఆగిపోతోంది. అలిసిపోయి పక్కకు ఒరిగి, మళ్ళీ తెప్పరిల్లి రాయి దగ్గరికి వస్తోంది. నేను గాలి ఇస్తున్నాను, అవి గాలికి చస్తున్నాయి. ఇదెక్కడి న్యాయం! అంగడివాడికి ఫోన్ చేసి తిట్టాను. పంపు చిన్నదని తేల్చి ఇంకొకటి తెచ్చాను. అదీ గడ్డిలోనే పెట్టాను. తొట్టె ఉడుకుతున్న ఎసరులా కనిపించింది.

ఆ రోజు మా అత్త తలనొప్పి అని మంచం ఎక్కింది. ఈగలు దూరుతున్నాయని నేను కోప్పడితే, అంతకుముందే తలుపు వేసుకుని లోపల కూర్చుని కాయలు ఏరింది. "పన్నెండు పెట్టెలూ వాసన చూస్తే తలనొప్పి రాదా" అన్నాను. మాత్ర ఇచ్చి కాలేజీకి వెళ్ళిపోయాను. సాయంత్రం మా ఆయన ఫోన్‌లో, "గుడ్లలో నల్ల సుక్కలు కనపడతాయి సూడు, అవే కండ్లు. ఒక ఫోటో తియ్యి" అన్నాడు. తీశాను. చేపలు అందులో పడకుండా తీశాను.

శనివారం పొద్దున ఆరు గంటలకు గదిలోకి పోయి, ఈగలు రాకుండా తలుపు వెనక్కి నెట్టి లైటు వేశాను. ఆడచేప ఇసుక మీద పక్కకు పడి ఉంది. మొప్ప ఒకసారి లేస్తోంది, చాలాసేపటికి ఇంకొకసారి లేస్తోంది. మగచేప రాయికి ఆనుకుని ఉంది, కానీ రెక్కలు ఆడటం లేదు. రెండు గొట్టాల నుంచీ బుడగలు ధారగా పైకి పోతున్నాయి. పెట్టె మీద కూర్చున్నాను. కణతలు కొట్టుకుంటున్నాయి, తల దిమ్ముగా ఉంది. ఏడుపు వల్ల అనుకున్నాను. ఆదివారానికి బతికుంటే చాలు అన్నాడు. ఒక్క రోజు! ఒక్క రోజు కూడా నిలబెట్టలేకపోతున్నానే అనుకుంటూ అలాగే కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు.

మా అత్త తలుపు తోసింది. తోసి, లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి జరిగింది.

"థూ! ఏమే ఈ గబ్బు ఉక్క! బైటికి రా ముందు."

"చేప సచ్చిపోతావుండాది అత్తా..."

"చేప ఒకటేనా, నువ్వూ పోతావు. లే! మాగేసిన కొట్టంలోకి ఎవురన్నా అట్నే దూరి కూసుంటారా? మా నాయన తలుపు తీసేసి, బీడీ కాల్చినంత సేపు బైట నిలబడి, ఆమీదట గదా లోపలికి పోయేది. 'కాయ ఊపిరి ఇడస్తావుంటాది, దాన్ని పోనియ్యండి' అనేవాడు. సదువుకున్న దానివి, నీకు నేను జెప్పల్నా?"

కాయ ఊపిరి విడుస్తుంది.

నా నెత్తిన ఎవరో బిందెడు చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. చెట్టు నుంచి కోసిన కాయ చచ్చిపోదు, ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ వదుల్తూనే ఉంటుంది, పండుగా మారే రోజుల్లో ఆ శ్వాస ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది రెండు మార్కుల ప్రశ్న. ఇరవై ఏళ్ళుగా నల్లబోర్డు మీద రాసి, కింద ఎర్ర సుద్దముక్కతో గీత గీసి, "ఇది పరీక్షకు తప్పకుండా వస్తుంది" అని చెప్తున్నాను. ఉదాహరణ ఏమని రాస్తాను? మామిడి! నాచు ఊపిరి గుర్తొచ్చిన దాన్ని, గదిలో ముప్పాతిక వంతు నిండిన మామిడి ఊపిరి గుర్తు రాలేదు. మూసిన గదిలో అన్ని కాయలు రాత్రంతా వదిలిన చెడ్డగాలిని, గడ్డిలో పెట్టిన పంపులు నేరుగా వాటి ముక్కుల దగ్గర్నుంచి పీల్చుకుని, గొట్టంలో పోసుకుని, నీళ్ళలోకి కుక్కాయి. నేను ఒక పంపు పెడితే ఒక వంతు విషం, రెండు పెడితే రెండు వంతులు. అంగడివాడు చెప్పింది నిజమే, గాలి గాలే. అది ఎక్కడి గాలి అని మాత్రం నేను అడగలేదు.

లేచాను. కిటికీ గడియ తీసి రెక్కలు గోడకు కొట్టుకునేలా తెరిచాను. రెండు పంపులూ గడ్డిలోంచి పీకి, గొట్టాలు ఒకదానికొకటి తగిలించి పొడుగు చేసి, ఒక పంపును హాలు కిటికీ మీదికి, బయటి గాలి తగిలేచోటికి చేర్చాను. పెట్టెలు ఒక్కొక్కటీ వరండాలోకి ఈడ్చాను. మా అత్త గడ్డి చంకన పెట్టుకుని నా వెనకే వస్తూ, "అట్ల ఈడిస్తే అడుగు కాయలు నలిగిపోతాయే" అంటోంది. ఆ రోజు ఆమెకు ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఊపిరి కూడా లేదు.

అరగంటకు ఆడచేప ఇసుక మీది నుంచి లేచి నిటారుగా నిలబడింది. మరో గంటకు మొప్పల వేగం తగ్గింది. రెండూ బతికాయి. నేను నేల మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇంత పెద్ద ఆడమనిషి ఏడవకూడనంత గట్టిగా ఏడ్చాను. కాలేజీకి సెలవు చెప్పాను. వంట మా అత్త చేసింది.

రెండో దెబ్బ మధ్యాహ్నం తగిలింది. గుడ్ల రంగు మారి ఉండటం అప్పుడు చూశాను. నిన్నటి నల్ల చుక్కలు లేవు, తెల్లగా, పాలు విరిగినట్టు ఉన్నాయి. ఆ మగచేప, అయిదారు రోజులు తిండి కూడా సరిగా తినకుండా విసిరిన ఆ తండ్రి, రాయి దగ్గరికి వచ్చి ఒక గుడ్డు నోటితో పీకి మింగింది. ఇంకొకటి. ఇంకొకటి.

"ఒరేయ్! ఒరేయ్!" అని అద్దం మీద కొట్టాను.

మా అత్త వచ్చి చూసింది. "తిననీలేవే. సచ్చిపోయినవి పెట్టుకోని వాడేం జేస్తాడు?" అంది, ఉల్లిపాయ పొట్టు ఊడదీసినంత మామూలుగా. సాయంత్రానికి రాయి మీద ఒక్కటి కూడా మిగల్లేదు. ఫోటో పంపమని మా ఆయన ఫోన్ చేస్తే, "రేపు వచ్చి సూసుకోండి" అన్నాను.

ఆదివారం పొద్దున వచ్చాడు. సంచి కింద పెట్టకుండానే గదిలోకి పోయాడు. చేపలు రెండూ ఉన్నాయి. రాయి ఖాళీ. ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. పెట్టెలు, గడ్డి, పంపులు, కిటికీ. రోజూ అడిగినప్పుడల్లా తెరిచే ఉందని చెప్పడం కూడా.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిస్తే నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన మొహం తెల్లబోయింది. కోపం కాదు.

"మా ఫ్యాక్టరీలో మాగేసే గది ఉండాది. తలుపు తీసి, ఫ్యాను ఏసి, గాలి మారినాకనే మనిషి లోపలికి పోవల్ల. అట్ల గాలి మారినట్టు రోజూ పుస్తకంలో సంతకం పెట్టేది నేనే" అన్నాడు మెల్లగా. "ఇంట్లో పన్నెండు పెట్టెలు దింపినారని మా యమ్మ సోమారమే ఫోన్‌లో చెప్పింది. యాడ పెట్టినారని నేను అడగలా. అడగాలని తోచనే లేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మామిడి మీద బతికే మనిషి ఒకడు, మామిడి ఊపిరిని పాఠం చెప్పి బతికే మనిషి ఒకతె. వరండాలోంచి మా అత్త, "ఏందిరా, ఇద్దురూ సదువుకున్నోళ్ళే కదా!" అని నవ్వుతోంది. మగ్గిన పండ్ల వాసన ఇల్లంతా కమ్ముకుని ఉంది.

కాసేపటికి ఆయనే అడిగాడు. "సరే, మూస్తే మూసినావు. తెరిచే ఉండాదని ఎందుకు చెప్పినావు?"

ఉడతలు, ఉక్క, ఈగలు, అన్నీ నాలుక చివర వరకూ వచ్చాయి.

"మీరు అడిగినారు కాబట్టి. నేను సరిగ్గా చేస్తానో లేదో అని పరీక్ష పెట్టినట్టు అడిగినారు. అందుకని" అన్నాను. అదే నిజం. ఆ నిజం నాకే చాలా చిన్నగా కనిపించింది. దాని కోసం అన్ని గుడ్లు!

"అయితే ఇంక నేను అడగను. నువ్వే చెప్పు" అన్నాడు. సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున కాలేజీకి బయల్దేరే ముందు నేనే ఫోన్ చేశాను. "కిటికీ బెత్తెడు తెరిచి ఉండాది. నా చెయ్యి పెట్టి కొలిచినా" అన్నాను. అవతల ట్రాక్టర్ల చప్పుడు. "చేపలు?" అన్నాడు.

"పెద్దది మేత తినింది. చిన్నోడు ఆ ఖాళీ రాయిని నోటితో గీకతావుండాడు. ఎందుకో తెలీదు."

"మళ్ళా గుడ్లు పెట్టేదానికి శుభ్రం చేస్తావుండాడు" అన్నాడు.

అప్పుడేనా? అంత తిని, అప్పుడేనా? ఫోన్ చెవికి పెట్టుకునే, ఆ చేప రాయిని గీకడం చూస్తూ నిలబడ్డాను.